విమానాల నడుమ చెనక్కాయ చేను

నరితా, జపాన్
9 ఆగస్టు 1992

రోషన్ అక్కకు మస్తాన్ సలాం.

క్షేమంగా చేరాను. నువ్వు అభా నుంచి పంపిన కారప్పొడి పొట్లాన్ని ఇక్కడి కస్టమ్స్ ఆయన విప్పి వాసన చూశాడు. తుమ్మి తుమ్మి, ఇంకే సంచీ తెరవకుండా పొమ్మన్నాడు.

"ఊరు ఎట్లుండాదో చూసినట్టు రాయి" అన్నావు కదా ఫోన్లో. రాస్తున్నాను. సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే మా ప్లాంటుకు రాబోయే కొత్త పంపుల ఫ్యాక్టరీ ఇక్కడికి బస్సు దూరం. పని నేర్చుకునే మూడు నెలలూ కంపెనీ హాస్టల్ మాత్రం నరితాలోనే. విమానాశ్రయం ఊరి బయట, పొలాల్లో ఉంది. ప్రయాణికులకే కాదు, సాగనంపడానికి వచ్చేవాళ్లకు కూడా గేటు దగ్గర తనిఖీ. పోలీసులు డాళ్లు పట్టుకుని నిలబడి ఉంటారు. పోయినేడు గల్ఫ్ యుద్ధం చూసిన మన ధహ్రాన్‌లో కూడా ఇప్పుడు ఇంత బందోబస్తు లేదు. ఎందుకని నోదాను అడిగితే "లంబీ కహానీ హై భాయ్", అదొక పెద్ద కథ అన్నాడు. ఈ నోదా మా ప్లాంటులో కొన్నేళ్లు పనిచేసిన ఇంజనీరు. పాకిస్తానీ ఫిట్టర్ల దగ్గర ఉర్దూ పట్టేశాడు. ఇక్కడ నాకు నోరూ చెవీ ఆయనే.

రైలు స్టేషన్ నుంచి గుడి దాకా ఒకటే వీధి, వంకర్లు తిరుగుతూ పల్లానికి దిగుతుంది. రెండు పక్కలా చెక్క ఇళ్ల దుకాణాలు. పాముల్లా ఉండే చేపలను తొట్లలో పోసి, వీధి వైపు కూర్చుని, తలకు మేకు దించి ఒక్క గీతతో చీలుస్తారు. బొగ్గుల మీద కాలుస్తుంటే వాసన బాగానే ఉంటుంది కానీ నేను తినలేదు. దోసకాయ లాంటి కాయను తొలిచి, లోపల పచ్చిమిరపకాయలు కూరి ఊరబెడతారు. అన్నంలోకి అదే నా ప్రాణం నిలబెడుతోంది. విమానాలు నడిపేవాళ్లు, ఎయిర్‌హోస్టెస్‌లు మామూలు బట్టల్లో ఈ వీధిలో గొడుగులూ బొమ్మలూ కొంటూ కనబడతారు.

వీధి చివర గుడి. మనిషంత డోలు మోగిస్తూ, నిప్పుల్లో కట్టెలు వేస్తూ పూజారులు మంత్రాలు చదువుతారు. దాన్ని "గోమా" అంటారు. నాకు గాలివీడులో శర్మగారింటి హోమం గుర్తొచ్చింది. ఆ మాట మన హోమం నుంచే వచ్చిందని నోదా చెప్పాడు. జనం తమ చేతిసంచులు అందిస్తే పూజారులు మంటకు చూపించి తిరిగి ఇస్తారు. దేవుడి చేతిలో కత్తి, తాడు, వెనక మంటలు, మొహమంతా కోపం. నేను వెనక నిలబడి చూశాను, అంతే. మన పీర్ల గుండం దగ్గర నిలబడ్డట్టే ఒళ్లు వేడెక్కింది. కొత్త కారు కొన్నవాళ్లు ఇక్కడికే తెచ్చి పూజ చేయిస్తారు. అది మాత్రం అచ్చం మన కడపే.

మా ప్లాంటులో నాతో పనిచేసిన ఇషిగామి గారిది ఈ ఊరే కదా. యుద్ధం మొదలవగానే తిరిగొచ్చేసిన వాళ్లలో నోదా ఒకడు. ఇషిగామి ఎట్లా పోయాడో చెప్పమని అడిగితే అంతా చెప్పాను. సముద్రం మీద నూనె తెట్టు ప్లాంటు దాకా వచ్చినప్పుడు, ఊళ్లకు తాగునీళ్లు ఆగిపోతాయని జపాన్ వాళ్లలో ఆయన ఒక్కడే ఉండిపోవడం, అడ్డుకట్ట వేస్తూ జారి ఆ నూనెలో పడడం, ఊపిరితిత్తులు చెడి అప్పుడు నువ్వు పనిచేస్తున్న ఖోబర్ ఆస్పత్రిలో నీ వార్డుకు రావడం, అక్కడే పోవడం. నోదా తల వంచుకుని విన్నాడు. ఇషిగామి తల్లి బతికే ఉందని, చేను చేసుకుంటోందని చెప్పాడు.

ఆమెను చూడకుండా నేను తిరిగి రాలేను అక్కా. ఏం చెప్పాలో రాయి.

నీ తమ్ముడు
మస్తాన్ వలీ


అభా
24 ఆగస్టు 1992

మస్తాన్‌కు అక్క దువాలు.

ఇక్కడ ఆగస్టులో దుప్పట్లు కప్పుకుంటున్నాం. పొద్దున హాస్టల్ కిటికీ తీస్తే మబ్బు లోపలికి వస్తోంది. నిన్న కోతి వచ్చి నా రొట్టె ఎత్తుకుపోయింది. సౌదీలో చలీ కోతులూ ఉన్నాయని ఊరికి రాస్తే ఎవరూ నమ్మలేదు. నీ జపాన్ సంగతి అంతకన్నా విడ్డూరంగా ఉంది. మూడుసార్లు చదివి మన మలయాళీ నర్సులకు కూడా చెప్పాను. పూజ అయ్యాక కారు చక్రాల కింద నిమ్మకాయలు పెడతారా? కోపంగా ఉన్న దేవుడికి కోపం ఎవరి మీద? కత్తి సరే, తాడు ఎందుకు? నువ్వు చూసింది మంటనా, ఎయిర్‌హోస్టెస్‌లనా?

ఇషిగామి గారి తల్లికి ఏం చెప్పాలని అడిగావు. నాకు ఆ రోజులు తలుచుకోవడం ఇష్టం ఉండదు. సైరన్ మోగితే రోగులందరికీ గ్యాస్ మాస్కులు తగిలించాలి. ఆయనకు ఆక్సిజన్ తీస్తే ఊపిరాడదు. అందుకని మాస్కు చేతిలో పట్టుకుని మంచం పక్కనే కూర్చునేదాన్ని. నువ్వు చూడటానికి వచ్చినప్పుడల్లా "అక్కా, ఎట్లుండాడు?" అని అడిగేవాడివి. అది విని విని ఆయనకూ ఆ మాట పట్టుబడింది. చివర్లో జ్వరం పెరిగినప్పుడు నా చేయి పట్టుకుని "అక్కాసాన్, అక్కాసాన్" అన్నాడు. సాన్ అంటే గారు అని నువ్వే చెప్పావు కదా. నేను "యాడికీ పోలేదు నాయనా, ఈడనే ఉండా" అనేదాన్ని. తెలుగు ఆయనకేం తెలుస్తుంది? అయినా ఆ మాట వినగానే నిమ్మళించేవాడు.

దేశం కాని దేశంలో నీ బిడ్డకు ఒక అక్క ఉండిందని ఆ తల్లికి చెప్పు. ఇంకేం చెప్పినా చెప్పకపోయినా ఈ ఒక్కటి చెప్పు.

రోషన్ బీ


నరితా
7 సెప్టెంబరు 1992

అక్కా,

నిమ్మకాయలు పెట్టరు. తాడు చెడ్డవాళ్లను కట్టి దారికి తేవడానికంట. మిగతా ప్రశ్నకు జవాబు చెప్పను.

ఇషిగామి తల్లిని చూశాను. ఆమె ఉండేది విమానాశ్రయంలోనే అనుకో. నోదా చెప్పిన లంబీ కహానీ ఇప్పుడు తెలిసింది. దీన్ని కట్టేటప్పుడు సర్కారు వాళ్లు ఇక్కడి రైతుల భూములు అడిగారు. కొందరు ఇచ్చారు, కొందరు ఇచ్చేది లేదన్నారు. ఏళ్ల తరబడి కొట్లాటలు జరిగాయి, రెండు వైపులా ప్రాణాలు పోయాయి. గేటు దగ్గర ఆ పోలీసులు అందుకే. ఇవ్వనివాళ్లలో ఈమె ఒకతె. చుట్టూ ఇనప రేకుల కంచె, మధ్యలో సన్నటి దారి, దారి చివర ఆమె చేను, పెంకుటిల్లు. నెత్తిమీద విమానం పోతే చక్రాలు లెక్కపెట్టవచ్చు. అటువంటి చోట ఏం పండిస్తోందో చెప్పుకో చూద్దాం. చెనక్కాయ! ఎర్ర మట్టి కాదు, నల్లగా పొడిపొడిగా ఉంది, కానీ ఆకు చూడగానే గుర్తుపట్టాను.

నోదా టై కట్టుకుని కంపెనీ కారులో తీసుకుపోయాడు. ఆమె మమ్మల్ని భూమి అడగడానికి వచ్చిన ఆఫీసు వాళ్లనుకుంది. పార ఎత్తి ఏదో అరిచింది. పొట్టిగా, నడుం వంగి, తలకు తెల్లగుడ్డ చుట్టుకుని ఉంది. మీ కొడుకుతో పనిచేసినవాడు అని నోదా నన్ను చూపించాక పార దించింది. లోపలికి పోయి ఉడకబెట్టిన చెనక్కాయలు తెచ్చి నా ముందు పెట్టింది. మళ్లీ చేలోకి వెళ్లిపోయి కలుపు తీయడం మొదలుపెట్టింది. కొడుకు గురించి ఒక్క మాట అడగలేదు.

కంపెనీ వాళ్లు అప్పట్లోనే ఆమెకు చెప్పారంట, పడ్డప్పుడే స్పృహ పోయింది, నొప్పి తెలియలేదు, ఏమీ మాట్లాడలేదు అని. "ముసలామె. నువ్వూ అదే చెప్పు, ఎందుకు కదిలించడం" అన్నాడు నోదా దారిలో. నేను అదీ చెప్పలేదు, ఇదీ చెప్పలేదు. చెనక్కాయలు తిని వచ్చేశాను.

మస్తాన్


అభా
19 సెప్టెంబరు 1992

మస్తాన్,

చెనక్కాయలు తిని వచ్చావా! అంత దూరం పోయింది దానికేనా?

ఆమె సంగతీ నాకు అర్థం కాలేదు. కన్నబిడ్డ ఎట్లా పోయాడో అడగని తల్లి ఉంటుందా? విమానాశ్రయంలోనే ఇల్లు అన్నావు. వాళ్లతో పోట్లాడుతూ వాళ్ల క్వార్టర్‌లోనే ఉంటోందా? చేలో నీళ్లు ఎవరిస్తారు? ఆ చప్పుడుకు నిద్ర ఎట్లా పడుతుంది?

ఏమైనా సరే, ఆయన మాట్లాడలేదనేది అబద్ధం. నేను చెవులారా విన్నాను. నీకు నోరు రాకపోతే, అక్క చెప్పమంది అని చెప్పు. నోదా తర్జుమా చేయనంటే, నా మీద ఒట్టు వేసి చేయించు.

అక్క


నరితా
5 అక్టోబరు 1992

అక్కా,

చెప్పాను. ఎట్లా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆదివారాలు ఆమె చేనుకు పోతున్నాను. ఇప్పుడు కాయ పెరికే కాలం. పక్కన కూర్చుని పెరుకుతుంటే వద్దనలేదు. మొక్కలను తలకిందులుగా ఆరబెట్టి, తర్వాత చేలోనే గుండ్రంగా వామి వేస్తారు ఇక్కడ. నిన్న నోదాను కూడా రమ్మన్నాను. పని మధ్యలో టీ తాగుతున్నప్పుడు చెప్పేశాను. మీ కొడుకు మాట్లాడాడమ్మా, మా అక్క ఆస్పత్రిలో చూసుకుంది, చేయి పట్టుకుని "అక్కాసాన్" అని పిలిచేవాడు, మా భాషలో తోడబుట్టిన పెద్దదాన్ని అట్లా అంటాం అని.

నోదా సగం తర్జుమా చేసి ఆగిపోయాడు. ఆమె కప్పు కింద పెట్టింది. ఆ మాట మళ్లీ చెప్పమని నాకు చేత్తో సైగ చేసింది. చెప్పాను. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చెప్పాను. రెండు చేతులూ నేల మీద ఆనించి అట్లాగే వంగిపోయింది. విమానం ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది.

"క్యా హువా?" అన్నాను. నోదా చెప్పాడు. వాళ్ల భాషలో "ఒకాసాన్" అంటే అమ్మ అంట.

అక్కా, ఆయన పిలిచింది నిన్ను కాదు.

ఆమె అడగకపోవడం ఎందుకో కూడా అప్పుడే తెలిసింది. విమానాలకు నూనె తెచ్చే గొట్టాలు వేసే పనిలో ఇషిగామి చేరాడంట, కుర్రవాడుగా ఉన్నప్పుడు. ఇంట్లో ఉండి ఆ పనికి పోవద్దంది తల్లి. ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత సౌదీ. మాటల్లేవు. విమానాశ్రయం గేటు లోపల కాలు పెట్టనని ఆమె ఒట్టు. కొడుకు దేశం వదిలిపోయినప్పుడు పోలేదు. పెట్టెలో వచ్చినప్పుడూ గేటు బయట రోడ్డు మీదే నిలబడింది. తన మీద కోపంతోనే పోయుంటాడని, అడిగితే ఆ మాట వినాల్సి వస్తుందని అడగలేదు.

నాకు తెలిసింది నేనూ చెప్పాను. ఇషిగామి సెలవుకు జపాన్ వచ్చినప్పుడల్లా విమానంలో కిటికీ సీటే అడిగేవాడు. ఎందుకని ఒకసారి అడిగితే, దిగేటప్పుడు మా చేను కనబడుతుంది, ఈసారి ఏం వేసిందో చూస్తాను అన్నాడు. అప్పుడు నేను ఏదో మామూలు చేను అనుకున్నాను.

అంతా విన్నాక ఆమె ఒక్కటే అడిగింది: "వాడు పిలిస్తే ఎవరైనా పలికారా?"

"మా అక్క పలికింది" అన్నాను.

మస్తాన్


నరితా
26 అక్టోబరు 1992

అక్కా,

నీ నుంచి జాబు లేదు. హాస్టల్ పెట్టె రోజూ చూస్తున్నాను. ఆ సంగతి నీకు రాయకుండా ఉండాల్సిందేమో. ఆయన నిన్ను పిలిచాడనే నువ్వు అనుకుని ఉంటే ఎవరికి నష్టం? నోదా మాట వినాల్సింది. కోపం ఉంటే కోపంగానే రాయి.

వచ్చే నెల మొదట్లో బయలుదేరుతున్నాను. కాయంతా వామి వేసేశాం.

మస్తాన్


అభా
24 అక్టోబరు 1992

మస్తాన్‌కు అక్క దువాలు.

ఆలస్యమైంది. నీ ఉత్తరం వచ్చిన రోజే ఘాట్‌లో బస్సు బోల్తా పడింది, దెబ్బలు తగిలినవాళ్లందరినీ మా దగ్గరికే తెచ్చారు. వారమంతా బట్టలు మార్చుకునే తీరిక లేదు. అదొక్కటే కారణం అంటే అబద్ధం అవుతుంది. నీ ఉత్తరం ఏప్రన్ జేబులో పెట్టుకుని తిరిగాను, ఎవరికీ చూపించలేదు.

ఒకాయన నన్ను అక్కా అని పిలిచి పోయాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. వార్డులో ఎంతమందో పోతుంటారు, సిస్టర్ అంటారు, సిస్టరంటే ఉద్యోగం. అక్కా అన్నది ఆయనొక్కడే. అది నాకు చాలా గొప్పగా ఉండేది. అది నాది కాదని తెలిస్తే మొదట సిగ్గేసింది. వేరేవాళ్లకు వచ్చిన పిలుపు నేను అందుకున్నట్టు.

ఆ తల్లి అడిగిన ప్రశ్న చదివాక సిగ్గు పోయింది. పలికినదాన్ని నేనే కదా. నేను అక్కనని పలికాను, ఆయన అమ్మ పలికిందని పడుకున్నాడు. ఇద్దరిలో ఎవరమూ అబద్ధం ఆడలేదు. చెప్పినందుకు నీ మీద కోపం లేదు. ఆమె ఆస్తి ఆమెకు చేరింది.

ఇది కూడా చెప్పు ఆమెకు. ఆయన ఏమీ మింగేవాడు కాదు. డ్యూటీ గదిలో స్టవ్ మీద బియ్యం మెత్తగా ఉడికించి గంజి తాగించాను. ఉప్పులో ఊరిన నిమ్మకాయ ముక్క నాలుక మీద పెడితే కళ్లు మూసుకుని చప్పరించాడు. డాక్టర్ వద్దన్నాడు, నేను పెట్టాను. ఒళ్లు వేడినీళ్లతో నేనే తుడిచాను. ఏ తల్లి అయినా అడగాలనుకునేవి ఇవేనని రాస్తున్నా.

ఆమె పేరేంది? ఇన్ని ఉత్తరాలు రాసి పేరు రాయలేదు నువ్వు.

రోషన్ బీ


ధహ్రాన్
14 నవంబరు 1992

అక్కా,

వచ్చేశాను. నీ ఉత్తరం నేను బయలుదేరే ముందు చేరింది, నాదీ నీదీ దారిలో దాటుకున్నట్టున్నాయి. ఆమె పేరు ఫుమి. నువ్వు రాసిందంతా నేను ఉర్దూలో చెబుతుంటే నోదా ఆమెకు తర్జుమా చేశాడు. గంజి దగ్గర ఆపి, అందులో ఉప్పు వేసిందా అని అడిగింది. వేసే ఉంటుంది అన్నాను. నిమ్మకాయ దగ్గర మొదటిసారి నవ్వింది. వాళ్లు ఉప్పులో ఊరబెట్టిన ఒక పుల్లటి పండును గంజిలో వేసుకుంటారంట. అది అనుకునే చప్పరించుంటాడు అంది.

ప్రయాణం రోజు నోదా కారులో నన్ను విమానాశ్రయానికి తీసుకుపోతూ, సెలవు తీసుకుందామని చేను దారిలో ఆపాడు. ఆమె కంచె దగ్గరే నిలబడి ఉంది. తలకు చుట్టే గుడ్డ లేదు, నల్లకోటు వేసుకుంది. సలాం చేశాను. ఆమె కారు తలుపు తీసుకుని వెనక కూర్చుంది. గేటు దాకా వస్తుంది కాబోలు అనుకున్నాం.

గేటు దగ్గర పోలీసులు కారు ఆపారు. వాళ్లలో వయసైన ఒకాయన వంగి లోపలికి చూసి, చటుక్కున టోపీ సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆమెను గుర్తుపట్టాడు. ఆ కొట్లాటల్లో ఎన్నేళ్లు ఆమెకు ఎదురు నిలబడ్డాడో ఆయన. "ఏం పని మీద?" అని అడిగాడు, అందరినీ అడిగినట్టే. నోదా నోరు తెరిచేలోపల ఆమే చెప్పింది. ఏమందని తర్వాత అడిగాను. "సాగనంపడానికి" అన్నదంట. అంతే. ఆమె చేతిసంచి తీసి ఇచ్చింది, ఆయన పైపైన చూసి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

లోపల ఆ తళతళలాడే నేల మీద ఆమె జారుతుందేమో అన్నట్టు నడిచింది. అంత పోరాడిన చోటు ఎట్లా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు కదా. తలెత్తి పైకప్పు చూసింది, బల్లల మీద నిద్రపోతున్న వాళ్లను చూసింది, సామాను బండ్లు చూసింది. ప్రయాణికులు మాత్రమే పోవాల్సిన చోటు వచ్చాక నా చొక్కా కాలర్ సరిచేసి, వీపు మీద చిన్నగా తట్టింది. వెనక్కి తిరిగి చూస్తే ఇంకా అక్కడే ఉంది.

మస్తాన్


అభా
26 నవంబరు 1992

మస్తాన్,

అంతా రాశావు, ముఖ్యమైనది రాయలేదు. నువ్వు విమానం ఎక్కేశావు సరే. ఆమె తిరిగి ఇంటికి ఎట్లా పోయింది? నోదా తోడున్నాడా? లోపలికి పోయినందుకు తక్కిన రైతులు ఏమన్నా అన్నారా? ఆమె బాధపడుతోందా, తేలికపడిందా? నువ్వు కనుక్కుని రాసేదాకా నాకు నిద్ర పట్టదు.

అక్క


ధహ్రాన్
15 డిసెంబరు 1992

అక్కా,

పంపుల పని మీద నోదా నిన్న ఆఫీసుకు ఫోన్ చేశాడు. నీ ప్రశ్నలన్నీ అడిగాను.

కారు తేవడానికి నోదా పార్కింగ్‌కు పోయొచ్చేసరికి ఆమె అక్కడ లేదంట. భయపడి అంతా వెతికితే, విమానాలు చూసే పై వరండాలో ఉందంట. కంచెల మధ్య వాములున్న చేను ముక్కను ఎవరో పిల్లలకు చూపించి, అది నాది అని చెబుతోందంట. పక్క రైతు ఒకాయన నెల రోజులు మాట్లాడలేదు, మొన్న మళ్లీ తనే వచ్చి పార అడిగి తీసుకుపోయాడంట. భూమి మాత్రం ఇవ్వదు. ఆ విషయం నోదాతో గట్టిగా చెప్పింది.

ఇంటికి పోయేటప్పుడు కారులో, అభా ఏ దిక్కున ఉంది అని అడిగిందంట. పడమర అన్నాడు నోదా. అక్కడికి పోయే విమానం మా చేను మీదుగా ఏ వేళకు పోతుంది అని అడిగిందంట. నేరుగా పోయేది లేదు, రెండు మూడు చోట్ల మారాలి అన్నాడంట. ఎక్కాలంటే ఏం కావాలి అంది. నోదా నవ్వి, ముందు పాస్‌పోర్టు కావాలి అన్నాడు. ఆమె నవ్వలేదు. పోయిన వారం గుడి వీధికి వచ్చి ఫోటో దిగిందంట. నోదా ఇప్పుడు భయపడి, ఏం చేద్దామని నన్ను అడుగుతున్నాడు.

ఆమెకు సౌదీ వీసా ఎవరూ ఇవ్వరు, నీకూ తెలుసు. కానీ నీ కాంట్రాక్టు మార్చిలో అయిపోతుంది, ఎగ్జిట్ వీసా కొట్టించుకుని గాలివీడుకు పోతావు. ఇండియాకైతే ఆమెకు వీసా ఇస్తారంట. నోదా కనుక్కున్నాడు.

ఆమెకు ఏం రాయమంటావు?

మస్తాన్ వలీ